మెదడు అల్లికను పటంగా గీయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మెదడులోని నాడీతంతువులను ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల పోగుల్లా చూపే బొమ్మలు మీరు చూసే ఉంటారు. ఒకసారి చూస్తే మళ్ళీ చూడాలనిపించే బొమ్మలవి. అయితే అవి ఫోటోలు కావు. ఆ పోగుల్లో ఒక్కదాన్ని కూడా ఏ యంత్రమూ నేరుగా చూడలేదు. నీటి అణువులు ఎటు ఎంత కదిలాయో కొలిచి, ఆ కొలతలను బట్టి తంతువులు ఎటు సాగుతూ ఉండాలో లెక్కగట్టి గీసిన గీతలవి. ఏది కొలిచారు, ఏది ఊహించారు అన్నది విడదీసి చూడటం వస్తే ఈ రంగంలో సగం గందరగోళం తీరిపోతుంది. కింది జవాబుల్లో ఆ తేడాను ఎక్కడా మరుగున పడనివ్వకుండా చెప్పడానికి ప్రయత్నించాను.

సూక్ష్మ నిర్మాణం అంటే ఏమిటి? మామూలు స్కాన్‌లో అది కనిపించదా?

మామూలు ఎంఆర్‌ఐ మెదడు రూపాన్ని చూపుతుంది. ముడతలు, లోపలి ద్రవపు గదులు, వాపు, కణితి వంటివి అందులో తెలుస్తాయి. గుడ్డను కాస్త దూరం నుంచి చూస్తే రంగు, అంచు, చిరుగు తెలిసినట్టు. సూక్ష్మ నిర్మాణం అంటే ఆ గుడ్డ నేత. నాడీకణాలు ఎంత దట్టంగా ఉన్నాయి, ఏ పొరలో ఏ రకం కణాలున్నాయి, వాటి నుంచి బయలుదేరే ఆక్సాన్లనే సన్నని తంతువులు ఎటు సాగుతున్నాయి, వాటిని చుట్టుకుని ఉండే మైలిన్ అనే కొవ్వు తొడుగు ఎంత మందం, ఒక కణం నుంచి మరో కణానికి సంకేతం చేరే సినాప్స్‌లు ఎక్కడెక్కడ ఉన్నాయి అన్నవన్నీ ఆ నేతలో భాగాలే.

కొలతలు తెలిస్తే కష్టం ఎక్కడుందో అర్థమవుతుంది. మెదడు పైపొర అయిన కార్టెక్స్ మందం 2 నుంచి 4 మిల్లీమీటర్లు. ఆక్సాన్ల మందం చాలావాటిలో 1 మైక్రాన్ అటూ ఇటూ, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. సినాప్స్‌లో రెండు కణాల మధ్య ఖాళీ దాదాపు 20 నానోమీటర్లు, అంటే మైక్రానులో యాభయ్యో వంతు. ఆసుపత్రి స్కాన్‌లో ఒక చుక్క వెడల్పేమో 1 నుంచి 2 మిల్లీమీటర్లు.

ఇక సంఖ్యలు. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయని బ్రెజిల్ శాస్త్రవేత్త సుజానా హెర్క్యులానో-హౌజెల్ బృందం 2009లో లెక్క తేల్చింది. అంతకుముందు అందరూ 10,000 కోట్లని గుండుగుత్తగా చెప్పేవారు. ఆమె ఎంచుకున్న మార్గం సూటిగా ఉంటుంది: మెదడు కణజాలాన్ని ద్రవంగా మార్చి, అందులో తేలే కణకేంద్రకాలను లెక్కపెట్టడం. మైలిన్ తొడుగున్న తంతువులన్నింటినీ ఒకదాని చివర ఒకటి చేరిస్తే 20 ఏళ్ళ యువకుడిలో దాదాపు 1,76,000 కిలోమీటర్లు వస్తాయని డెన్మార్క్ పరిశోధకులు 2003లో అంచనా వేశారు. భూమిని నాలుగుసార్లు చుట్టి రాగల పొడవు అది. ఒక్కటి గమనించండి. ఆ రెండు లెక్కలకూ ఆధారం మరణించినవారి మెదళ్ళే.

మిల్లీమీటరు చుక్కలున్న ఎంఆర్‌ఐతో మైక్రాన్ల సంగతి ఎలా తెలుస్తుంది?

నీటి వల్ల. ఈ రంగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఆలోచన ఇదే కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

నీటి అణువులు ఎప్పుడూ ఒకచోట నిలవవు. వేడి వల్ల ఇష్టమొచ్చిన దిక్కుకు కొట్టుకుంటూ ఉంటాయి. శరీర ఉష్ణోగ్రతలో, ఏ అడ్డూ లేని నీటిలో ఒక అణువు 50 మిల్లీసెకన్లలో ఒక దిశలో సగటున 17 మైక్రాన్ల దూరం జరుగుతుంది. మెదడు కణజాలంలో అడ్డంకులు ఎక్కువ కాబట్టి 10 మైక్రాన్ల దగ్గర ఆగుతుంది. ఈ దూరం కణాల పరిమాణానికి సరిగ్గా సరిపోయేది. అంటే ప్రతి నీటి అణువూ తన చుట్టూ ఉన్న గోడలను తడిమి వస్తోంది. మనం పంపాల్సిన గూఢచారి ఇప్పటికే లోపల ఉన్నాడు; తిరిగి వచ్చి ఏం చెబుతున్నాడో వినడమే మిగిలింది.

వినే పద్ధతిని 1965లో స్టెజ్‌స్కాల్, టానర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కనుగొన్నారు. ఒక చివర ఎక్కువగా, మరో చివర తక్కువగా ఉండే అయస్కాంత క్షేత్రాన్ని ఒక్క క్షణం ప్రయోగిస్తే, ప్రతి అణువుకూ అది ఉన్న చోటును బట్టి ఒక గుర్తు పడుతుంది. కొద్దిసేపటి తరువాత అదే బలంతో ఆ గుర్తును చెరిపే ప్రయత్నం చేస్తారు. కదలకుండా ఉన్న అణువుల గుర్తు పూర్తిగా చెరిగిపోతుంది. చోటు మారినవాటి గుర్తు చెరగదు, అవి ఒకదానితో ఒకటి లయ తప్పుతాయి, ఆ మేరకు సంకేతం బలహీనపడుతుంది. సంకేతం ఎంత తగ్గిందో చూస్తే ఆ దిశలో కదలిక ఎంతో తెలుస్తుంది. ఫ్రాన్స్‌కు చెందిన డెనిస్ లే బిహాన్ 1980ల మధ్యలో దీన్ని మెదడు చిత్రణలోకి తెచ్చారు.

ఇప్పుడు రెల్లు కట్ట మీద నీళ్ళు పోశారనుకోండి. కాడల వెంబడి జారినంత సులువుగా అడ్డంగా పోవు. మెదడు తెల్ల పదార్థంలోనూ, అంటే కార్టెక్స్ కింద మైలిన్ తొడుగున్న తంతువులు నిండిన భాగంలోనూ అంతే. వేల తంతువులు ఒకే వైపు సాగే చోట నీరు ఆ వైపే ఎక్కువగా కదులుతుంది. ఎన్నో దిశల్లో కొలిచి, నీరు ఎటు సులువుగా పోతోందో కనుక్కుంటే అదే తంతువుల దిశ అనుకోవచ్చు. పీటర్ బాసర్, జేమ్స్ మాటియెల్లో, లే బిహాన్ కలిసి 1994లో ఈ దిశను లెక్కగట్టే గణితాన్ని ప్రచురించారు. డిఫ్యూజన్ టెన్సర్ చిత్రణ అని దాని పేరు. నీటి అణువుల ఈ కదలికనే డిఫ్యూజన్ అంటారు. ఎరుపు అంటే ఎడమ నుంచి కుడికి, ఆకుపచ్చ అంటే ముందు నుంచి వెనక్కి, నీలం అంటే పై నుంచి కిందికి అన్న రంగుల వాడుక ఈ దిశల కోసం పెట్టుకున్నదే. తంతువులకు సొంత రంగంటూ ఏమీ లేదు.

అయితే ఆ రంగుల గీతలు నిజమైన నాడీతంతువులు కావా?

కావు. ఈ మాట చెప్పినప్పుడు చాలామంది నిరాశపడతారు. పడనక్కరలేదు. గీతలు నిజమైన తంతువుల గురించి చాలా చెబుతాయి. కానీ రెండూ ఒకటి కాదు.

2 మిల్లీమీటర్ల చుక్క ఒక్కదానిలో లక్షల ఆక్సాన్లు పడతాయి. అవన్నీ ఒకే దిక్కుకు సాగితే లెక్క సరిగ్గా వస్తుంది. కానీ తెల్ల పదార్థంలోని చుక్కల్లో ఎక్కువ భాగం రెండు మూడు దిశల తంతువులు ఒకదాన్నొకటి అడ్డంగా దాటే చోట్లే. అక్కడ పాత పద్ధతి అన్ని దిశలనూ కలిపి సగటు తీస్తుంది, ఆ సగటు దిశలో నిజంగా ఒక్క తంతువూ లేకపోవచ్చు. మరో చిక్కు ఉంది. రెండు తంతువుల కట్టలు ఒకదాన్ని ఒకటి దాటుకుంటూ పోయాయా, లేక దగ్గరకు వచ్చి ఒరుసుకుని మళ్ళీ విడిపోయాయా అన్నది నీటి కదలికను బట్టి తేల్చడం కష్టం. రెండింటిలోనూ కొలత దాదాపు ఒకేలా ఉంటుంది.

దీన్ని నిక్కచ్చిగా పరీక్షించినవారున్నారు. జవాబు ముందే తెలిసేలా 25 కట్టలతో ఒక కృత్రిమ మెదడు దత్తాంశాన్ని తయారుచేసి, ప్రపంచవ్యాప్తంగా 20 పరిశోధక బృందాలకు ఇచ్చారు. వాళ్ళు పంపిన 96 ఫలితాలను 2017లో ప్రచురించారు. ఉన్న కట్టల్లో 90 శాతం చాలా పద్ధతులకు చిక్కాయి. అంతవరకూ సంతోషమే. కానీ లేని కట్టలు కూడా చిక్కాయి, ఎన్నంటే ఉన్నవాటి కంటే లేనివే ఎక్కువ. ఈ ఫలితాన్ని బయటపెట్టింది బయటి విమర్శకులు కాదు, ఆ పద్ధతులను నిర్మించి వాడుతున్నవారే. ఈ రంగం మీద నాకున్న గౌరవానికి అది ఒక ముఖ్య కారణం.

ఇంకో రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. బొమ్మలోని గీతల సంఖ్య తంతువుల సంఖ్య కాదు. సాఫ్ట్‌వేర్‌ను ఎన్ని గీయమంటే అన్ని గీస్తుంది. సంకేతం ఏ చివర నుంచి ఏ చివరకు పోతుందో కూడా గీత చెప్పదు. నీరు రెండు వైపులా సమానంగానే కదులుతుంది.

రిపోర్టులో ఎఫ్‌ఏ తగ్గిందని రాశారు. తంతువులు దెబ్బతిన్నట్టేనా?

అలా తీర్మానించలేము. ఎఫ్‌ఏ (ఫ్రాక్షనల్ అనైసోట్రోపీ) అనేది ఈ నీటి కదలిక నుంచి లెక్కగట్టే, 0 నుంచి 1 వరకు ఉండే అంకె. నీరు అన్ని దిశల్లో సమానంగా కదిలితే 0 దగ్గర, ఒకే దిశలో కదిలితే 1 దగ్గర ఉంటుంది. మైలిన్ దెబ్బతింటే అది తగ్గవచ్చు, ఆక్సాన్లు తగ్గినా తగ్గవచ్చు. ఏ జబ్బూ లేకుండా, అక్కడ తంతువులు సహజంగానే ఒకదాన్నొకటి దాటుతున్నందువల్ల కూడా తక్కువగా ఉండవచ్చు. స్కాన్ జరుగుతున్నప్పుడు తల కొద్దిగా కదిలినా అంకె మారుతుంది.

విచిత్రమేమంటే, జబ్బులో అది పెరగడమూ ఉంది. రెండు కట్టలు దాటుకునే చోట ఒక కట్ట క్షీణించి రెండోది మిగిలితే, మిగిలిన దిశ ఇంకా స్పష్టంగా కనిపించి ఎఫ్‌ఏ పెరుగుతుంది. జ్ఞాపకశక్తి సమస్యలు మొదలైనవారిలో ఇలాంటి పెరుగుదలను పరిశోధకులు గమనించారు. ఎక్కువైతే మంచిది, తక్కువైతే చెడ్డది అని చదవదగిన అంకె కాదిది. పరిశోధన వ్యాసాల్లో సైతం దీన్ని తెల్ల పదార్థపు ఆరోగ్యానికి మారుపేరుగా వాడుతున్నారు. ఆ అలవాటు పోవాలని నా గట్టి అభిప్రాయం. మీ రిపోర్టు విషయంలో, మీ లక్షణాలనూ మిగతా స్కాన్ చిత్రాలనూ కలిపి చూసే నాడీవైద్యుల మాటే వినండి.

ఇప్పుడు అంతకంటే మెరుగైన పద్ధతులు వచ్చాయా?

వచ్చాయి, ఇంకా వస్తున్నాయి. ఒక మార్గం గణితాన్ని మెరుగుపరచడం. చుక్కలోని నీటిని ఒకే ముద్దగా చూడకుండా తంతువుల లోపలి నీరు, వెలుపలి నీరు, స్వేచ్ఛగా ఉన్న ద్రవం అని విడదీసి లెక్కించే నోడీ అనే పద్ధతిని 2012లో లండన్ పరిశోధకులు ప్రతిపాదించారు. తంతువులు దట్టంగా ఉన్నాయా, లేక చెల్లాచెదురుగా పరుచుకున్నాయా అన్నది ఇందులో విడివిడిగా తెలుస్తుంది. దీనికి కొన్ని విలువలను ముందే స్థిరంగా అనుకోవాలి. ఆ అనుకోలు తప్పితే జవాబూ తప్పుతుంది.

రెండో మార్గం యంత్రాన్ని బలపరచడం. ఒక చివర ఎక్కువగా, మరో చివర తక్కువగా ఉండే ఆ అయస్కాంత క్షేత్రాన్ని గ్రేడియెంట్ అంటారు, క్షేత్రపు బలాన్ని టెస్లాల్లో కొలుస్తారు. ఆసుపత్రి స్కానర్లలో గ్రేడియెంట్ బలం మామూలుగా మీటరుకు 40 నుంచి 80 మిల్లీటెస్లాలు. బతికున్నవారి మెదడులోని సంబంధాలను పటంగా గీసే మానవ కనెక్టోమ్ ప్రాజెక్టు కోసం బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో 300 మిల్లీటెస్లాల గ్రేడియెంట్ ఉన్న స్కానర్‌ను పెట్టారు, తరువాతి తరం యంత్రాన్ని 500కు చేర్చారు. గ్రేడియెంట్ ఎంత బలంగా ఉంటే అంత చిన్న కదలికలు పట్టుబడతాయి.

ఇవి కాక మైలిన్ పొరల మధ్య చిక్కుకున్న నీటిని విడిగా కొలిచే పద్ధతి, కణజాలంలోని ఇనుము ఎక్కడ పేరుకుందో చూపే పద్ధతి కూడా ఉన్నాయి. ఏ ఒక్కటీ మిగతావాటిని అనవసరం చేయదు.

11.7 టెస్లా స్కానర్ అంటూ వార్తల్లో వచ్చింది. దానితో కణాలు కనిపిస్తాయా?

ఒక్కో కణం కనిపించదు. కానీ అది గొప్ప యంత్రమే. ఫ్రాన్స్‌లో పారిస్ దగ్గర సాక్లేలోని న్యూరోస్పిన్ కేంద్రంలో ఉన్న ఆ స్కానర్ పేరు ఇసుల్ట్. దాని అయస్కాంతం బరువు 132 టన్నులు. అందులో 182 కిలోమీటర్ల అతివాహక తీగ, అంటే అతి చలిలో విద్యుత్తుకు నిరోధమే లేని తీగ ఉంది. దాన్ని 7,500 లీటర్ల ద్రవ హీలియంతో పరమ శూన్య ఉష్ణోగ్రతకు (మైనస్ 273 డిగ్రీల సెల్సియస్) 2 డిగ్రీల లోపు చలిలో ఉంచుతారు. భూమి అయస్కాంత క్షేత్రం కంటే దీని క్షేత్రం రెండు లక్షల రెట్లకు పైగా బలమైనది. సుమారు 20 ఏళ్ళ కృషి తరువాత 2024 ఏప్రిల్‌లో బతికున్న మనుషుల మెదడు చిత్రాలను తొలిసారి విడుదల చేశారు. 0.2 మిల్లీమీటర్ల స్పష్టతతో, 1 మిల్లీమీటరు మందంతో, 4 నిమిషాల్లో తీసిన చిత్రాలవి.

0.2 మిల్లీమీటర్లంటే 200 మైక్రాన్లు. అందులో కార్టెక్స్ పొరల ఆనవాళ్ళు పట్టుకోవచ్చు. కణం మాత్రం అంతకంటే పది రెట్లకు పైగా చిన్నది. బలం పెరిగేకొద్దీ చిత్రమంతటా సమానమైన వెలుతురు రాకపోవడం వంటి కొత్త సమస్యలూ వస్తాయి. వైద్యంలో 7 టెస్లా స్కానర్‌కు అమెరికాలో 2017లో అనుమతి దొరికింది. రోజువారీ ఆసుపత్రి పనికి 1.5, 3 టెస్లా యంత్రాలే ఇప్పటికీ ఆధారం.

ఇలాంటి స్కాన్ సురక్షితమేనా?

ఎంఆర్‌ఐలో ఎక్స్‌రే వంటి కిరణాలు ఉండవు. శరీరంలో లోహపు ముక్కలు, పేస్‌మేకర్, చెవిలో అమర్చిన పరికరాలు ఉంటే తప్పకుండా ముందే చెప్పాలి. శబ్దం ఎక్కువ కాబట్టి చెవులకు రక్షణ ఇస్తారు. 7 టెస్లా, అంతకు మించిన యంత్రాల్లోకి వెళ్ళేటప్పుడు కొందరికి తల తిరిగినట్టనిపిస్తుంది. లోపలి చెవిలోని ద్రవం మీద అయస్కాంత క్షేత్రం చూపే ప్రభావమది, కాసేపటికి తగ్గిపోతుంది.

కణాలనే చూడాలంటే ఏం చేయాలి?

మరణానంతరం దానంగా వచ్చిన మెదడును తీసుకుని, పలుచని ముక్కలుగా కోసి, సూక్ష్మదర్శిని కింద చూడాలి. ఈ దారి పాతదే. 1776లో ఇటలీలోని పార్మాలో ఫ్రాన్సెస్కో జెన్నారి అనే వైద్య విద్యార్థి, గడ్డకట్టించిన మెదడును కోస్తూ వెనుక భాగంలోని కార్టెక్స్ మధ్యలో ఒక తెల్లని గీతను గమనించాడు. ఏ పరికరమూ లేకుండా, ఉత్త కంటితో. కార్టెక్స్ అంతా ఒకేలా ఉండదని తొలిసారి తెలిపిన గీత అది. అది చూపుకు సంబంధించిన ప్రాంతమని తేలడానికి మరో వందేళ్ళు పట్టింది. 1873లో కామిల్లో గోల్గీ నాడీకణాలను నల్లగా నిలబెట్టే రంగును కనిపెట్టాడు, ఆ రంగుతోనే శాంటియాగో రామోన్ ఇ కహాల్ ప్రతి నాడీకణమూ విడిగా నిలిచిన కణమేనని చూపాడు. ఇద్దరూ 1906లో నోబెల్‌ను పంచుకున్నారు, గోల్గీ మాత్రం ఆ వేదిక మీదే కహాల్ సిద్ధాంతాన్ని వ్యతిరేకిస్తూ ప్రసంగించాడు. 1909లో కోర్బీనియన్ బ్రాడ్‌మన్ కణాల అమరికను బట్టి కార్టెక్స్‌ను విభజించి సంఖ్యలిచ్చాడు. వైద్యులు నేటికీ ఆ సంఖ్యలనే వాడుతున్నారు.

ఈ దారికి ఇప్పుడు కంప్యూటర్లు తోడయ్యాయి. జర్మనీలోని యూలిష్, కెనడాలోని మాంట్రియల్ శాస్త్రవేత్తలు 65 ఏళ్ళ ఒక మహిళ మెదడును 20 మైక్రాన్ల మందంతో 7,404 ముక్కలుగా కోసి, రంగు వేసి, స్కాన్ చేసి, మళ్ళీ కంప్యూటర్‌లో మెదడుగా కూర్చారు. 2013లో విడుదలైన ఈ పటం పేరు బిగ్‌బ్రెయిన్. కోయడం కంటే కూర్చడమే కష్టమని నా ఉద్దేశం. కోసేటప్పుడు పలుచని ముక్క చిరుగుతుంది, ముడతపడుతుంది, సాగుతుంది. వేల ముక్కల్లో ప్రతి చిరుగునూ సరిచేసి పక్క ముక్కతో అతికించాలి.

మద్రాసు ఐఐటీలోని సుధా గోపాలకృష్ణన్ మెదడు పరిశోధన కేంద్రం 2024 డిసెంబరులో ధరణి అనే పటాన్ని విడుదల చేసింది. గర్భంలో నాలుగు నుంచి ఆరు నెలల మధ్య ఉన్న శిశువుల మెదళ్ళ నుంచి తీసిన 5,132 ముక్కలతో, కణం దాకా కనిపించే స్పష్టతతో గీసిన పటమది. కణాలు పుట్టిన చోటి నుంచి తమ చోటుకు ప్రయాణం చేసే దశ కాబట్టి ఆ వయసు మెదడు మనకెంతో చెప్పగలదు.

రంగు వేయకుండా చూసే దారులూ ఉన్నాయి. మైలిన్ తొడుగు గుండా పోయే ధ్రువిత కాంతిలో (ఒకే తలంలో కంపించే కాంతిలో) వచ్చే మార్పును బట్టి తంతువుల దిశను మైక్రాన్ స్థాయిలో కొలిచే పద్ధతిని యూలిష్‌లో అభివృద్ధి చేశారు. ఎంఆర్‌ఐ ఊహించిన దిశ నిజమా కాదా అని సరిచూసుకోవడానికి అది మంచి సాక్షి. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో ఉన్న సింక్రోట్రాన్ అనే భారీ యంత్రం నుంచి వచ్చే అతి ప్రకాశవంతమైన ఎక్స్‌రేలతో అసలు కోయకుండానే మొత్తం మెదడును సుమారు 20 మైక్రాన్లలో, కోరిన చోట 1 మైక్రాన్ దాకా చూడవచ్చని 2021లో చూపారు. ఆ కిరణాల తీవ్రత బతికున్నవారికి పనికిరాదు.

ఒక్కో సినాప్స్‌ను కూడా చూడగలిగారా?

చూశారు, చాలా చిన్న ముక్కలో. మూర్ఛవ్యాధికి శస్త్రచికిత్స చేసేటప్పుడు లోతైన భాగాన్ని చేరడానికి పైనుంచి కొంత కణజాలాన్ని తీయాల్సి వస్తుంది. 45 ఏళ్ళ ఒక మహిళ నుంచి అలా తీసిన ఘన మిల్లీమీటరు ముక్కను హార్వర్డ్‌లో జెఫ్ లిక్ట్‌మన్ బృందం 30 నానోమీటర్ల చొప్పున 5,000కు పైగా పొరలుగా కోసి, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చిత్రించింది. వాటిని కూర్చి కణాలను విడదీసే పనిని గూగుల్ పరిశోధకులు చేశారు. 2024 మేలో వచ్చిన ఆ ఫలితం ప్రకారం, బియ్యపు గింజ కంటే చిన్నదైన ఆ ముక్కలో సుమారు 57,000 కణాలు, 15 కోట్ల సినాప్స్‌లు, 23 సెంటీమీటర్ల రక్తనాళాలు ఉన్నాయి. దత్తాంశం 1,400 టెరాబైట్లు.

లెక్కల కంటే నన్ను కదిలించింది మరొకటి. ఆక్సాన్ ఒక కణాన్ని తాకితే సాధారణంగా ఒక్కచోటే తాకి ముందుకు పోతుంది. ఇందులో కొన్ని ఆక్సాన్లు మాత్రం ఒకే కణాన్ని 50కి పైగా చోట్ల పట్టుకుని ఉన్నాయి. వాటి పని ఏమిటో తేలలేదు. బాగా అలవాటైన పనులకు అవి దారి కావచ్చని ఆ బృందం ఊహించింది. ముక్క మూర్ఛవ్యాధి ఉన్న వ్యక్తిది కాబట్టి, అందరిలోనూ ఇలాగే ఉంటుందా అన్నది వేరే మెదళ్ళలో చూడాల్సిందే.

మరి మొత్తం మానవ మెదడుకు అలాంటి పటం ఎప్పుడు వస్తుంది?

తేదీ చెప్పేవారిని నమ్మకండి. లెక్క మీరే వేసి చూడండి. మనిషి మెదడు సుమారు 12 లక్షల ఘన మిల్లీమీటర్లు. ఒక్కోదానికి 1,400 టెరాబైట్లంటే మొత్తం దాదాపు 170 కోట్ల టెరాబైట్లు. నిల్వ చేసుకోవడమే ఒక సమస్య.

ఇప్పటిదాకా నడిచిన దారి ఇది. 302 నాడీకణాలున్న సి. ఎలిగన్స్ అనే చిన్న పురుగు పటం 1986లో పూర్తయింది. సుమారు 1,40,000 నాడీకణాలున్న పండ్ల ఈగ మెదడు పటం 2024 అక్టోబరులో వచ్చింది. ఎలుక చూపు ప్రాంతంలోని ఒక ఘన మిల్లీమీటరు పటం 2025 ఏప్రిల్‌లో వచ్చింది. అందులో 2 లక్షల కణాలు, 52 కోట్ల సినాప్స్‌లు ఉన్నాయి. ఎలుక మెదడు మొత్తాన్ని గీయడం తరువాతి మెట్టు. మనిషి ఆ మెట్టుకు చాలా పైన ఉన్నాడు.

ఈ పనిలో కృత్రిమ మేధ ఏం చేస్తుంది?

వేల పొరల్లో ఒకే తంతువును గుర్తుపట్టి, దానికి ఒకే రంగు వేసుకుంటూ పోవడం దాని ప్రధానమైన పని. చేత్తో చేస్తే తరాలు పట్టే పని అది. కానీ అది తప్పులు చేస్తుంది: ఒక తంతువును మధ్యలో తెంపుతుంది, లేదా రెండింటిని కలిపేస్తుంది. ఒక్క తప్పు కలయిక వందల అబద్ధపు సంబంధాలకు దారితీస్తుంది. ఈగ మెదడు పటం నమ్మదగినదిగా తయారైందంటే, శాస్త్రవేత్తలూ స్వచ్ఛందంగా వచ్చిన సామాన్యులూ కలిసి ఒక్కో కణాన్నీ సరిచూసి దిద్దినందువల్లే. మనిషి మెదడు ముక్కలో అలా సరిచూసిన భాగం ఇంకా చాలా తక్కువ.

ఈ పటాలు ఎవరి మెదడువి? నా మెదడూ అలాగే ఉంటుందా?

పెద్ద విషయాల్లో ఉంటుంది, చిన్నవాటిలో ఉండదు. బిగ్‌బ్రెయిన్ ఒక్క మహిళ మెదడు. మానవ కనెక్టోమ్ ప్రాజెక్టు 22 నుంచి 35 ఏళ్ళ వయసున్న సుమారు 1,200 మంది ఆరోగ్యవంతులను పిలిచింది. వాళ్ళలో 210 మంది దత్తాంశంతో 2016లో గీసిన పటం కార్టెక్స్ ఒక్కో అర్ధభాగంలో 180 ప్రాంతాలను చూపింది, వాటిలో 97 కొత్తవి. అదే అధ్యయనంలో భాషకు సంబంధించిన 55బి అనే చిన్న ప్రాంతం కొందరిలో అసలు ఉండాల్సిన చోట లేదు. పక్క ప్రాంతంతో చోటు మార్చుకుంది, లేదా రెండు ముక్కలైంది. వాళ్ళంతా ఆరోగ్యంగానే ఉన్నారు.

అందుకే మంచి పటాలు ఒక ప్రాంతానికి గట్టి సరిహద్దు గీయకుండా, ఫలానా బిందువు ఎంతమందిలో ఆ ప్రాంతానికి చెందుతుందో శాతంగా చెబుతాయి. స్కాన్‌కు పిలిచినవారిలో ప్రపంచంలోని చాలా జనసమూహాలకు చోటు లేకపోవడం మాత్రం పెద్ద లోటు. దాన్ని మెదడు దాతలూ కొత్త పరిశోధన కేంద్రాలూ మాత్రమే పూడ్చగలరు.

వైద్యంలో దీని వల్ల రోగికి ఇప్పుడు ఏమైనా మేలు జరుగుతోందా?

జరుగుతోంది. అన్నిటికంటే పెద్ద మేలు పక్షవాతంలో. రక్తం ఆగిన చోట కణాలు ఉబ్బి, నీటి కదలిక నిమిషాల్లోనే తగ్గుతుంది. డిఫ్యూజన్ చిత్రంలో ఆ చోటు తెల్లగా వెలుగుతుంది. సీటీ స్కాన్‌లో ఏమీ కనిపించని తొలి గంటల్లోనే ఇది తెలుస్తుంది. 1990లో పిల్లుల మీద జరిగిన పరిశోధన దీనికి పునాది.

కణితి తీసే ముందు మాట, చేతికాళ్ళ కదలికలకు సంబంధించిన కట్టలు ఎక్కడున్నాయో శస్త్రవైద్యులు ఈ గీతలతో అంచనా వేసుకుంటారు, ఆపై శస్త్రచికిత్స సమయంలో విద్యుత్ ప్రేరణతో సరిచూసుకుంటారు. ఆ రెండో అడుగును మానకపోవడంలోనే వారి వివేకం ఉంది. మూర్ఛకు కారణమైన కార్టెక్స్‌లోని చిన్న లోపాలు 3 టెస్లాలో దొరకనప్పుడు 7 టెస్లాలో కొన్నిసార్లు దొరుకుతున్నాయి.

ఇలాంటి స్కాన్ చూసి తెలివితేటలు, స్వభావం, రాబోయే జబ్బు చెప్పగలరా?

ఒక వ్యక్తి విషయంలో చెప్పలేరు. వందల మందిని రెండు గుంపులుగా చేసి సగటు తీస్తే చిన్న తేడాలు కనిపిస్తాయి. ఆ తేడాలను తెచ్చి ఒక పిల్లవాడి చిత్రం మీద అతికించడం అన్యాయం. అలాంటి సేవలను అమ్మజూపేవారికి డబ్బు ఇవ్వకండి.

పైగా ఈ నేత మారుతూ ఉంటుంది. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2009లో కొందరికి మూడు బంతులను గాలిలో ఎగరేస్తూ పట్టుకోవడం ఆరు వారాలు నేర్పించి, ముందూ వెనకా స్కాన్ చేశారు. నేర్చుకున్నవారి తెల్ల పదార్థంలో, చేతిని చూపుతో కలిపే ప్రాంతం దగ్గర కొలత మారింది. మైలిన్ మందమైందా, తంతువుల అమరిక మారిందా అన్నది ఆ కొలత నుంచి విడదీయలేమని వారే రాశారు.

ఈ పటాలను నేను స్వయంగా చూడవచ్చా?

చూడవచ్చు, ఉచితంగానే. బిగ్‌బ్రెయిన్‌ను ఈబ్రెయిన్స్ అనే ఐరోపా వేదికలో, హార్వర్డ్ ముక్కను న్యూరోగ్లాన్సర్ అనే సాధనంలో, గ్రెనోబుల్ ఎక్స్‌రే చిత్రాలను మానవ అవయవాల పటంలో, మామూలు బ్రౌజర్‌తోనే తెరవవచ్చు.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే బిగ్‌బ్రెయిన్ తెరిచి, మెదడు వెనుక భాగానికి వెళ్ళండి. రెండు అర్ధభాగాలూ ఎదురెదురుగా ఉండే లోపలి ముఖంలో ఒక లోతైన గాడి కనిపిస్తుంది. దాని గట్లను పెద్దది చేసి చూడండి. కార్టెక్స్ మధ్యలో ఒక లేత పట్టీ సన్నగా సాగుతుంది. ఈ ముక్కలకు వేసింది కణదేహాలు కనిపించే రంగు కాబట్టి, తంతువులు నిండి కణాలు పలచబడిన ఆ పట్టీ లేతగా మిగిలింది. గట్టు దాటి కొంచెం పక్కకు జరిగితే ఒక్కసారిగా మాయమవుతుంది. చూపు ప్రాంతపు సరిహద్దు అదే. 1776లో జెన్నారి చూసిన గీత కూడా అదే.